రెండు ప్యాచులు

"రేపు తప్పకుండా వస్తానక్కా" అని తమ్ముడు చెప్పడం అది ఐదోసారి. ఆ రేపు కూడా వచ్చి, పొద్దు నెత్తి మీదికెక్కింది. ఎద్దులు రాలేదు.

ఈశ్వరి గట్టు మీద కూర్చుని ఒక వేరుశనగ చెట్టును వేర్లతో పెరికి తిప్పి చూసింది. కాండం మొదలు దగ్గర పసుప్పచ్చ పూలు మూడున్నాయి. కాయ కట్టే ఊడలు ఇంకా దిగలేదు. మహా అయితే ఐదారు రోజులు. ఊడలు నేలలోకి దిగాక కలుపు కోసే గుంటక తోలితే అవి తెగి కాయే ఉండదు. తోలకపోతే గరిక చెట్టును మింగేస్తుంది. పది రోజుల కిందట పడిన ఒక్క పదును వానకు పంట కంటే ముందు గరికే లేచింది. నేల అప్పుడే సన్నగా నెర్రెలిస్తోంది. పైమట్టి కదిపి ఆ నెర్రెలు పూడిస్తేనే లోపలి తేమ నిలుస్తుంది. కంబదూరు పక్కన మెట్టచేను ఉన్నవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సాళ్ల మధ్య ట్రాక్టరు దూరదు. కూలీలను తెల్లారకముందే ఆటోలు దానిమ్మ తోటలకు ఎక్కించుకుపోతాయి. భర్త గిరి బోరు లారీ వెంట కర్ణాటకలో తిరుగుతుంటాడు. ఆయన ఫోన్ చేస్తే సగం మాట, సగం బోరు మోత వినిపిస్తాయి. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క ఎద్దుల జత తమ్ముడు హనుమంతరాయుడిది. నాయన పసుపుకుంకుమ కింద ఆమెకు రాసిచ్చిన ఈ రెండెకరాలకు, ఆమె పుట్టినూరికి తిరిగొచ్చిన ఈ ఆరేళ్లుగా ఆ ఎద్దులే దిక్కు. ఆరేళ్లుగా అందరి చేలూ అయ్యాకే ఆమె చేను. నిరుడు ఊడలు దిగాక తోలాడు. గంపెడు కాయలు రావాల్సిన చోట చాటెడు వచ్చాయి. ఈ ఏడూ అదే అయితే చేనును రాయుడికి వదిలేసి, గిరి వెంట పోయి ఏ బోరు షెడ్డులోనో బతకాలి. అది ఆమెకు చచ్చినా ఇష్టం లేదు.

పెరికిన చెట్టు చేతిలో పట్టుకునే ఊళ్లోకి నడిచింది. వేపచెట్టు కింద రచ్చకట్ట మీద రాయుడు కూర్చుని ఉన్నాడు. పక్కన బసప్ప తాత ఉన్నాడు. ఊళ్లో ఏరువాక ఏ రోజు సాగించాలో చెప్పే పెద్దమనిషి ఆయన.

"ఏం రాయుడూ, ఈపొద్దు కూడా రాకపోతివే."

"శేషయ్య మామ చేను సగంలో ఉండాది కదక్కా. అది ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది? మనింటిది యాడికి పోతాది?"

"చేను యాడికీ పోదు. పదును పోతాది." ఆమె చెట్టును అతని ముందు పెట్టింది. "పూలు చూడు. నీకు తీరకపోతే ఎద్దులియ్యి. నేనే తోలుకుంటా."

బసప్ప తాత నవ్వాడు. ఆ నవ్వు తొందరగానే ఆగింది.

"ఆ మాట అనకూడదు పాపా. ఆడమనిషి గుంటక మేడి పట్టిందంటే వాన పొలిమేర దాటి పోతాది. విత్తనాలు పొయ్యి, కలుపు తియ్యి, కాయలు కొట్టు, ఎవురొద్దన్నారు? మేడి మటుకు మగోనిది."

నిరుడు వాన అంతంతే. అంతకు ముందేడు అసలే లేదు. ఆ రెండేళ్లూ మేడి మగవాళ్ల చేతుల్లోనే ఉంది. ఈ మాట ఈశ్వరి నోటి దాకా వచ్చింది గానీ, పెద్దాయనతో ఎందుకులే అని మింగింది. మింగిన మాట ఊరికే ఉండదు. ఇల్లు చేరేదాకా లోపల తిరుగుతూనే ఉంది.

ఇంటి ముందు నీళ్లు తాగుతుంటే ఆమెకు బస్సులోంచి చూసిన ఒక ముసలాయన గుర్తొచ్చాడు. నెల కిందట ఆమె ధర్మవరం నుంచి వస్తుంటే, దారి పక్కన ఒకాయన తన చేలో సైకిలు చక్రాన్ని తోసుకుంటూ పోతున్నాడు. చక్రం వెనక అడ్డంగా కత్తిలా పదునైన ఇనప పాస, ఆ వెనక సైకిలు హ్యాండిలు. ముందుకు తోస్తుంటే పాస మట్టి కింద జారుతూ గడ్డిని వేర్ల దగ్గరే కోసేస్తోంది. ఎద్దులు లేవు, కాడి లేదు, మేడి లేదు. బస్సు ఆగలేదు గానీ ఆమె చూపు చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

సైకిళ్లకు ఆమె ఇంట్లో కొదవ లేదు. తొక్కడానికి పనికొచ్చేవే లేవు.

నల్లది నాయనది. పాకలో దూలానికి వేలాడుతోంది. ఈశ్వరి స్టూలెక్కి దాన్ని దించి, హ్యాండిలు మరకు కిరసనాయిలు పోసి, అన్నం ఉడికేంత సేపు ఆగి పానా పట్టింది. తొమ్మిదేళ్లప్పుడు సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి ఈ సైకిలే తొక్కేది. చెయిను కొరికిన మచ్చ పిక్క మీద ఇంకా ఉంది. నాయన వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తుతూ ఒకటే మాట అనేవాడు: "చక్రాన్ని చూడొద్దు పాపా, దావ చూడు." పట్టుకున్నా పట్టుకున్నా అని చెబుతూనే ఎక్కడో వదిలేసేవాడు. మర కదిలింది. హ్యాండిలు ఊడి ఆమె ఒళ్లో పడింది.

ఎర్రది టపా ఆయన దగ్గర పాతది కొన్నది. దానికి బ్రేకులు లేవు, బెల్లు లేదు. చెప్పుకాలు నేలకు రాసి ఆపాలి, "జరగండి, జరగండి" అని నోటితో అరవాలి. దాని మీద రెండేళ్లు కంబదూరు బడికి పోయింది, రాయుణ్ని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని. ఎగువ దారి వచ్చినా వాడు దిగేవాడు కాదు. ఆ సైకిలు పాతసామాన్ల బండికి ఎప్పుడో పోయింది. క్యారియర్ మాత్రం మిగిలి నీళ్లకుండకు ఆసరాగా ఉంది. ఈశ్వరి కుండను దించి దాన్ని బయటికి లాగింది. పాస నేలలో దిగాలంటే పైన బరువు కావాలి. బరువుకు ఒక రాయి, రాయికి ఈ క్యారియర్.

ఇక చక్రం కావాలి. నల్లదాని చక్రాలు వంకర్లు పోయాయి. మూడోది, పచ్చది, రాయుడి కొట్టంలో ఉంది.

ఆ పచ్చది ఆడపిల్లల సైకిలు, ముందు బుట్టతో. కాయ బాగా పండిన ఏడు నాయన కొత్తది తెచ్చాడు. ఏడు నెలలు తొక్కింది. అంతలో పెళ్లి కుదిరి, ఉరవకొండ దగ్గరి ఊరికి బస్సెక్కుతుంటే నాయన, "సైకిలు తమ్మునికి ఉండనీలే పాపా, నీకు ఆడ ఎందుకు" అన్నాడు. బస్సు కదిలేటప్పటికి రాయుడు దాని హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అంతగా ఎందుకు ఏడ్చిందో జనం తలా ఒక కారణం అనుకున్నారు. సైకిలు కోసమని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మధ్యాహ్నం రాయుడు శేషయ్య చేనుకు పోయాక ఆమె ఆ ఇంటికి వెళ్లింది. మరదలు నల్లమ్మ పేడ ఎత్తుతోంది.

"నల్లమ్మా, నా పచ్చ సైకిలు కావల్ల."

నల్లమ్మ ఎందుకని అడగలేదు. రచ్చకట్ట మీద జరిగింది ఆమెదాకా అప్పుడే వచ్చినట్టుంది. చేతులు కడుక్కుని, ఎండుగడ్డి మోపులు పక్కకు తోసి, సైకిలును తనే బయటికి తెచ్చింది.

"తీస్కపో వదినా. ఆయనడిగితే నేనే ఇస్తినని చెప్తా."

ఈశ్వరి ఆ సైకిలు మీద నల్లదాని హ్యాండిలు, ఎర్ర సైకిలు క్యారియర్ కట్టుకుని, గాలి లేని చక్రాలతో తోసుకుంటూ నాలుగు కిలోమీటర్లు నడిచి కంబదూరు చేరింది. వెల్డింగు షాపు ఎర్రప్ప ఆమె చెప్పింది విని, ఎగాదిగా చూసి, ముందు చక్రం విప్పాడు.

"మట్టిలోకి టైరెందుకు, రిమ్ము చాలు" అంటూ టైరు పెరికి, లోపలి ట్యూబును చేతుల మీదుగా లాగి చూశాడు. "ఎవురు తొక్కిన బండమ్మా ఇది?"

"మా తమ్ముడు. బడికి పోయినన్ని దినాలూ ఇదే."

"అయ్యుండదు" అన్నాడు ఎర్రప్ప. "మన తుమ్మముండ్ల దావల్లో ఒక ఏడు తొక్కితే ట్యూబు కనపడదు, ప్యాచులే కనపడతాయి. దీనికి రెండే ఉండాయి."

ఈశ్వరి ట్యూబును తీసుకుంది. ఎండి పెళుసెక్కిన రబ్బరు మీద గుండ్రటి ప్యాచులు రెండు. షాపులో అయితే చదరంగా కత్తిరించి వేస్తారు. ఇవి పావలా బిళ్ల ఆనించి గీత గీసి, నాయన గడ్డం కత్తెరతో తను కత్తిరించినవి. ఆ తర్వాత దాని మీద ఒక్క ముల్లు కూడా దిగలేదు. ఆమె ట్యూబును చుట్టి సంచిలో వేసుకుంది.

"పాస ఎంత పెట్టల్ల?" అనడిగాడు ఎర్రప్ప.

"జానెడు" అంది పరధ్యానంగా.

చక్రం, ఫోర్కు, పాస, క్యారియర్, హ్యాండిలు అన్నీ అతుక్కుని పొద్దు వాలేలోపు గుంటక తయారైంది.

మరునాడు పొద్దున్నే చేలో దించింది. క్యారియర్ మీద రాయి పెట్టి తోసింది. పాస సులువుగా దిగింది. ఆనందంగా పది అడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే, గడ్డితో పాటు రెండు పక్కలా వేరుశనగ కొమ్మలు తెగి పడి ఉన్నాయి. లెక్కపెడితే పదకొండు చెట్లు. సాళ్ల మధ్య ఎడానికి ఆమె జానెడు పాసే సరిపోతుంది. పాస కొలిచింది ఎర్రప్ప తన జానతో. సమ్మెట పట్టే చెయ్యి అది. జానెడు అని చెప్పేటప్పుడు ఎవరి జానో చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

దారిన పోతున్న ఇద్దరు ఆగి చూశారు. "కలుపు తీస్తాండావా, పంట తీస్తాండావా?" అని ఒకడు నవ్వాడు. ఈశ్వరి తెగిన కొమ్మలు ఏరి కొంగులో వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుంది. గుంటకను గట్టెక్కించి, మళ్లీ కంబదూరు దారి పట్టింది.

ఊరి చివర బోరింగు దగ్గర నల్లమ్మ ఎదురైంది. చక్రాన్ని చూసింది, ఈశ్వరి ముఖం చూసింది.

"నల్లమ్మా, ఒకటి అడుగుతా. మా రాయుడు ఈ సైకిలు తొక్కేది నువ్వు ఎప్పుడన్నా చూసినావా?"

నల్లమ్మ బిందె కింద పెట్టి అటూ ఇటూ చూసింది.

"ఆయనకు తొక్కేది వస్తే కదా వదినా. నువ్వు పోయిన నెలకే తొక్కబోయి కంపలో పడినాడంట. ముందు పన్ను ఇరిగింది చూడు, అప్పుడే. ఎద్దు ఇదిలించిందని ఊరందరికీ చెప్పినాడు. మళ్ల సైకిలు ఎక్కల్యా. పొద్దున్నే తోసుకోని పోయి, ఊరి బయట తుమ్మచెట్ల సాటున పెట్టి, బడికి నడిసి పోయి, మాపటికి మళ్ల తోసుకోని వచ్చేవాడంట. మామకు సచ్చేదాకా తెల్దు." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "పెండ్లైన కొత్తలో నాకు చెప్పినాడు. నేను చెప్పినానని అనొద్దు."

కంబదూరు దాకా ఈశ్వరి దాని గురించే ఆలోచిస్తూ నడిచింది. మొదట కోపం వచ్చింది. తొక్కలేని వాడికి సైకిలు ఎందుకు? ఇరవై రెండేళ్లు గడ్డి కింద పెట్టుకోవడానికా? తుమ్మచెట్లు దగ్గరపడేసరికి ఆ కోపం కాస్త మెత్తబడింది. అక్క నేర్చుకున్నది తనకు రాలేదని ఎవరికి చెప్పుకుంటాడు? ఒక్క మాట అడిగి ఉంటే పుట్టింటికి వచ్చినప్పుడు ఒక్క పొద్దులో నేర్పేది కదా. వాడు అడగలేదు. ఆమెకూ నేర్పాలని తోచలేదు, ఎందుకంటే అంతా తెలిసినట్టే ఉండేవాడు, రేపు వస్తా రేపు వస్తా అన్నట్టే.

ఎర్రప్ప తెగిన కొమ్మలు చూసి నాలుక్కరుచుకున్నాడు.

"ఈసారి కొలిచేది నేను" అంది ఈశ్వరి. అరచేతిని పాస మీద పరిచి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా చాపింది. అతను ఆమె వేళ్ల కొసల దగ్గర సుద్దతో గీతలు గీశాడు. గీతల అవతల ఉన్నదాన్ని రెండు వైపులా కోసేశాడు. కోసిన ముక్కలు చల్లారాక ఆమె వాటినీ సంచిలో వేసుకుంది. ఇనుము ఎందుకు పారెయ్యాలి?

ఆ రోజు అలా పోయింది. మిగిలినవి మూడు రోజులు.

మొదటి రోజు అరెకరం కంటే ఎక్కువే అయింది. తోయడంలో ఒక వాటం ఉంది. చేతులతో తోస్తే భుజాలు పడిపోతాయి. హ్యాండిలును పొట్టకు ఆనించి, ఒళ్లంతా ముందుకు వంచి, రెండడుగులు తోసి అరడుగు వెనక్కి లాగాలి. లాగినప్పుడు పాస మీది గడ్డి జారిపోతుంది. రాయి చిన్నదైతే పాస ఎగురుతుంది, పెద్దదైతే కూరుకుపోతుంది. మధ్యాహ్నానికి సరైన రాయి దొరికింది. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. పాత చీర పేలికలు చుట్టుకుంది. రెండో రోజు సాయంత్రానికి చేనులో మూడొంతులకు దగ్గరపడింది. వెనక్కి తిరిగి చూస్తే సాళ్ల మధ్య మట్టి మెత్తగా, ఎర్రగా, పిండి చల్లినట్టు ఉంది. గరిక వేర్లు పైకి లేచి ఎండకు వాడుతున్నాయి. ఆమెకు గర్వంగా అనిపించింది. అనిపించనీ, ఆమె చేను కదా.

రచ్చకట్ట మీద మాట మారింది. ఇప్పుడు నవ్వుతున్నది ఆమెను చూసి కాదు. "ఎద్దులకు రెస్టు ఇచ్చి అక్కను కట్టినావా రాయుడూ?" అని శేషయ్యే అన్నాడట. ఆ శేషయ్య చేను కోసమే ఆమె చేను ఆగింది. లోకం తీరు అలాగే ఉంటుంది.

మూడో రోజు పొద్దు బారెడెక్కేసరికి రాయుడు ఎద్దులు తోలుకుని గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు. వెనక బసప్ప తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఇంకో అరెకరం కన్నా తక్కువే మిగిలింది.

"పక్కకు జరుగక్కా. గడియలో కొట్టేస్తా" అన్నాడు రాయుడు, కాడి సర్దుతూ.

ఈశ్వరి గుంటక ఆపింది గానీ జరగలేదు. వంగి ఒక చెట్టు పెరికి అతని చేతిలో పెట్టింది. మొదట్లోంచి సూదుల్లాంటి ఊడలు రెండు బయలుదేరి ఉన్నాయి.

"ఈపొద్దే మొదలైనాయి. నీ గుంటక చెట్టు మొదట్లోకి పోతాది. నాది పోదు. ఎద్దులు దించొద్దు."

"నలుగురిలో నన్ను నవ్వులపాలు జేస్తాండావు."

"నాలుగు దినాల కింద వచ్చుంటే ఎవురూ నవ్వరు."

రాయుడి చూపు చక్రం మీద పడింది. ముఖం ఎర్రబడింది. "నాయన నాకిచ్చిన సైకిలు అది. నన్ను ఒక మాట అడగకుండా కోసి పారేస్తివి. నేను తొక్కిన బండి..."

ఈశ్వరి అతని దగ్గరికి జరిగింది. బసప్ప తాత చెవి ఇటే ఉంది. ఆమె గట్టు మీదికి వినపడనంత చిన్నగా అంది:

"ట్యూబుకు రెండే ప్యాచులుండాయి రాయుడూ. రెండూ నేనేసినవే."

రాయుడు నోరు తెరిచాడు. విరిగిన పన్ను కనిపించింది. మళ్లీ మూసుకున్నాడు. ఎద్దుల పగ్గం చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఆమె చెప్పాల్సినది అయిపోయింది, గట్టిగా చెబితే వాడి పరువు పోతుంది. ఆమెకు కావలసింది వాడి పరువు కాదు, చేను.

"ఏందిరా అది, తోలకుండా నిలబడితివి?" అని బసప్ప తాత అరిచాడు.

రాయుడు కాడి విప్పి ఎద్దులను తుమ్మచెట్టుకు కట్టేసి వచ్చాడు. గుంటక పక్కన నిలబడి, హ్యాండిలు వైపు చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎట్ల తోయల్లో... చూపిచ్చక్కా."

ఇరవై రెండేళ్ల కిందట అడగాల్సిన మాట అది. ఈశ్వరి పక్కకు జరిగి అతని చేతులకు హ్యాండిలు ఇచ్చింది. తను పక్క సాలులో, ఒక అడుగు వెనక నిలబడి, వెనక్కి వంగి ఉన్న హ్యాండిలు కొసను పట్టుకుంది. రాయుడు తోశాడు. చక్రం వంకర తిరిగి ఒక చెట్టు మీదికి పోబోయింది. ఆమె సర్దింది.

"చక్రాన్ని చూడొద్దు. సాలు కొస చూడు."

"ఇడిసిపెట్టొద్దక్కా. కొమ్మలు తెగుతాయి."

"పట్టుకున్న్యా. పో."

అతను తలెత్తి సాలు చివర ఉన్న రాతికట్టను చూస్తూ నడిచాడు. రెండడుగులు తోసి, అరడుగు లాగి. ముందు భుజాలు బిగిసి ఉన్నాయి, తర్వాత వదులయ్యాయి. పాస కింద గడ్డి కరకరమని తెగుతోంది. ఈశ్వరి వేళ్లు మెల్లగా జారాయి. ఆమె ఆగిపోయింది.

"పట్టుకున్నావా?" అని తిరక్కుండానే అడిగాడు.

"పట్టుకున్న్యా పో" అంది ఈశ్వరి. నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడి ఉంది. గట్టు మీద బసప్ప తాత అది చూసి ఏదో అనబోయాడు. ఆమె వేలు నోటికి అడ్డం పెట్టింది. ముసలాయన ఎందుకో ఊరుకున్నాడు.

సాలు చివర రాయుడు వెనక్కి తిరిగాడు. అక్క ఇరవై అడుగుల అవతల ఉంది. మధ్యలో సాలు తిన్నగా ఉంది, ఒక్క కొమ్మ తెగలేదు. అతను తన చేతులను చూసుకున్నాడు, సాలును చూశాడు.

ఈశ్వరి నడిచి అతని దగ్గరికి వెళ్లింది. చేతులకు చుట్టుకున్న పేలికలు బిగించుకుంది.

"బాగానే వచ్చింది. రేపు పొద్దున నల్లమ్మను పంపియ్. ఆమెకూ నేర్పుతా" అంది. "ఇంగ ఇట్లియ్యి. మిగిలిన సాళ్లు నేనే తోలల్ల."

రాయుడు హ్యాండిలు వదిలాడు. ఆమె గుంటకను పక్క సాలులోకి తిప్పి, క్యారియర్ మీది రాయి సర్ది, పొట్టకు ఆనించి తోసింది.